మంచు కురవని ఊళ్ల పతకాలు

ఆటల మైదానంలో దేశ చరిత్ర: ధారావాహిక

గత భాగం 2002 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగిన 32వ జాతీయ క్రీడల దగ్గర ఆగింది. ఆ పోటీలు జరిగింది చలికాలంలోనే. అయినా వాటిని శీతాకాల క్రీడలని ఎవరూ అనరు. గచ్చిబౌలిలో డిసెంబరు ఎండ ఆటకు అనువుగా ఉంటుంది. మంచు మీద, గడ్డకట్టిన నీటి మీద రాష్ట్రాల జట్లు తలపడే పోటీల కథ వేరు. దాన్ని మొదలుపెట్టడానికి హిమాలయాల కన్నా ముందు దక్షిణ ఢిల్లీలోని ఒక ఇరుకు సందు దగ్గర ఆగాలి.

ఐఐటీ ఢిల్లీ ప్రహరీని ఆనుకుని ఉన్న జియా సరాయ్‌లో ఒకదాని మీద ఒకటి లేచిన పీజీ గదులు, గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ కోచింగ్ సెంటర్లు, జిరాక్సు నోట్సు దొంతరలు పేర్చిన దుకాణాలు కనిపిస్తాయి. గుంటూరు నుంచో వరంగల్ నుంచో మొదటిసారి వచ్చిన కుర్రాడికి డిసెంబరు చివర్లో పొగమంచు దిగినప్పుడు రజాయి కొనుక్కోవడమే పెద్ద శీతాకాల క్రీడ. ఈ సందుల్లో, ఆ మంచు పోటీలైన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌కు కరెంట్ అఫైర్స్‌లో ఒక ప్రశ్న పాటి విలువ ఉంది. 2024లో మొదటి స్థానం ఎవరిది? ఇండియన్ ఆర్మీది. 2025లో? మళ్లీ ఆర్మీదే. జవాబు పక్కన టిక్కు పెట్టి పరీక్షార్థి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు.

వెళ్లకుండా కాసేపు ఆగితే ఆ పతకాల పట్టిక చాలా చెబుతుంది. రాష్ట్రాల మధ్య పోటీలో ఆర్మీ ఒక రాష్ట్రం ఎలా అయింది? 2024లో జమ్మూ కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ అన్నిటినీ దాటి కర్ణాటక రెండో స్థానంలోకి ఎలా వచ్చింది? మంచు ఎక్కడ పడుతుందో చూపే పటాన్నీ పతకాలు ఎక్కడికి వెళ్లాయో చూపే పటాన్నీ పక్కపక్కన పెడితే రెండూ కలవవు. ఎందుకు కలవవో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

*

క్రీడాకారులు ప్రాంతం పేరు మీద బరిలో దిగే పద్ధతి మన దేశంలో 1920ల్లో కుదురుకుంది. దొరాబ్జీ టాటా ఒలింపిక్స్‌కు భారత జట్టును పంపాలని పట్టుబట్టాడు. వైఎంసీఏ వ్యాయామ శిక్షణాధికారి నోరెన్, మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల స్థాపించిన హెచ్.సి. బక్ ఆయనతో కలిశారు. దేశమంతా ఒక్క జట్టు కావాలంటే ముందు మద్రాసు, బెంగాల్, పంజాబ్, బొంబాయి అంటూ ప్రాంతీయ సంఘాలు ఏర్పడాలి, వాటి మధ్య పోటీ జరగాలి, అందులోంచి ఏరుకోవాలి. 1927లో ఏర్పడ్డ భారత ఒలింపిక్ సంఘం ఈ పునాది మీదే లేచింది. సైన్యం, రైల్వే వంటి సంస్థలు కూడా ప్రాంతాలతో సమానంగా జట్లు దింపే ఆనవాయితీ మన ఆటల్లో బలంగా పాతుకుపోయింది. రంజీ ట్రోఫీలో సర్వీసెస్, రైల్వేస్ జట్లను చూసిన వారికి ఇది కొత్తేమీ కాదు.

దొరాబ్జీ బృందం పరుగులు, దూకుళ్ల లెక్కలు వేస్తున్న రోజుల్లోనే కొండల మీద మరో ప్రపంచం తన పాటికి తాను నడుస్తోంది. వేసవి రాజధాని సిమ్లాలో 1920లో ఐస్ స్కేటింగ్ రింక్ మొదలైంది. యంత్రాలేమీ లేవు. నేల మీద నీళ్లు పోస్తే రాత్రి చలికి గడ్డకట్టేది. తెల్లవారాక ఎండ ముదిరేలోగా స్కేటింగ్ ముగించుకోవాలి. గుల్మార్గ్‌లో 1927లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పుట్టింది. కెన్నెత్ హాడో వంటి బ్రిటిష్ సైనికాధికారులు దాని పెద్దలు. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ పందేలు జరిగేవి. దగ్గరి తంగ్‌మార్గ్ పల్లెల మనుషులకు అందులో దక్కిన పని దొరల సామాను మోయడం.

1947లో దొరలు వెళ్లిపోయారు. క్లబ్బుల సందడి తగ్గింది. ఆట మాత్రం ఆగలేదు. దాన్ని నిలబెట్టింది యుద్ధం.

కశ్మీర్ యుద్ధంలో ఎత్తైన కనుమల దగ్గర పోరాడిన 19వ పదాతి డివిజన్, 1948లో గుల్మార్గ్‌లో సైనికులకు స్కీయింగ్ నేర్పే బడి పెట్టింది. అదే పెరిగి పెరిగి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. చైనాతో యుద్ధం జరుగుతున్న 1962 అక్టోబరులో, 24వ తేదీన, ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం, అంటే ఐటీబీపీ, పుట్టింది. ఆ దళం తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో పర్వతారోహణకూ స్కీయింగ్‌కూ సొంత శిక్షణ సంస్థ పెట్టుకుంది. ఈ రెండు చోట్లా స్కీ అంటే ముందు ఒక రవాణా సాధనం. గస్తీ దళం ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మంచు మీద చేరుకోవడానికి కావలసిన విద్య. జీతం, తిండి, బూట్లు, కోచ్, ఏడాదికి నెలల తరబడి మంచు మీద ఉండే అవకాశం, అన్నీ ప్రభుత్వ ఖర్చుతోనే దొరికే ఆటగాళ్లు ఈ దేశంలో ఎవరైనా ఉన్నారంటే వీళ్లే. పతకాల పట్టికలో ఆర్మీ పేరు మొదట ఎందుకుందో జియా సరాయ్ నోట్సులో రాయరు గానీ, 1948, 1962 అన్న రెండు సంవత్సరాలు రాసుకుంటే సగం జవాబు వచ్చేసినట్టే.

మిగతా సగం పర్యాటకానిది. 1968లో రుడాల్ఫ్ మాట్ అనే ఆస్ట్రియన్ స్కీ నిపుణుణ్ణి ప్రభుత్వం పిలిపించింది. ఆయన హిమాలయాలు తిరిగి చూసి గుల్మార్గ్ స్కీయింగ్‌కు బాగుంటుందని తేల్చాడు. ఆ వెంటనే కేంద్ర పర్యాటక శాఖ కింద అక్కడ స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ వెలిసింది. సైనికుడు కానివాడు కూడా స్కీ నేర్చుకునే దారి అలా తెరుచుకుంది. అప్పటికే 1964 ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ అనే పోలిష్ సంతతి యువకుడు భారత్ తరఫున స్కీ చేశాడు. శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశపు తొలి అడుగు ఆయనదే. 1988 కాల్గరీలో గుల్ ముస్తఫా దేవ్, కిశోర్ రాయ్‌లతో కలిసి శైలజా కుమార్ పాల్గొని, శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయ మహిళ అయింది.

ఆ మరుసటి సంవత్సరమే కశ్మీర్ తగలబడడం మొదలైంది. గుల్మార్గ్ గొండోలాకు, అంటే కొండ మీదికి వెళ్లే కేబుల్ కారుకు, 1980ల చివర్లో మొదలైన పని ఏళ్ల తరబడి ఆగిపోయింది. మొదటి దశ 1998లో గానీ నడవలేదు. దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు, అఫర్వట్ భుజం మీదికి తీసుకెళ్లే రెండో దశ 2005లో వచ్చింది.

జాతీయ శీతాకాల క్రీడలు పుట్టింది ఈ గడ్డుకాలంలోనే. 1990ల రెండో సగంలో మొదలై గుల్మార్గ్, మనాలీ, ఔలీల మధ్య తిరిగాయి. 2004లో, మళ్లీ 2008లో గుల్మార్గ్ వేదిక. 2008 నాటివి అయిదో జాతీయ శీతాకాల క్రీడలు. అంటే పుష్కరకాలంలో అయిదుసార్లే. ఆ తర్వాత ఆ పేరు దాదాపు మరుగున పడింది. పోటీ పెట్టాలంటే మంచు పడాలి, శాంతి ఉండాలి, డబ్బు రావాలి, సంఘాలు కొట్టుకోకుండా ఉండాలి. నాలుగూ ఒకే శీతాకాలంలో కలిసి రావడం మన దగ్గర అరుదు.

డబ్బు ఉండి కూడా పని జరగకపోవడానికి డెహ్రాడూన్ రింకే ఉదాహరణ. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడి మహారాణా ప్రతాప్ స్పోర్ట్స్ కాలేజీలో అంతర్జాతీయ కొలతలతో ఐస్ రింక్ కట్టారు. మంచు పోటీలు ఔలీలో, ఐస్ పోటీలు డెహ్రాడూన్‌లో ఘనంగా ముగిశాయి. ఆపై ఆ రింక్‌కు తాళం పడింది. ఉష్ణోగ్రత సున్నాకు కింద ఉంచడానికి అయ్యే కరెంటు ఖర్చు ఎవరు భరించాలో తేలలేదు. పదేళ్లకు పైగా దేశంలో అంత పెద్ద కృత్రిమ రింక్ మరొకటి లేదు, ఉన్న ఒక్కటీ పనిచేయలేదు.

సంఘాల తగవుల ఫలితం 2014లో లోకమంతా చూసింది. భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉండడంతో సోచీ శీతాకాల ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో శివ కేశవన్, హిమాంశు ఠాకూర్, నదీమ్ ఇక్బాల్ అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం జెండా కింద నడిచారు. ఎన్నికలు ముగిసి సస్పెన్షన్ ఎత్తేసేసరికి తేదీ ఫిబ్రవరి 11. అప్పటికి స్లెడ్ మీద జారే ల్యూజ్‌లో కేశవన్ పోటీ అయిపోయింది. మిగిలిన ఇద్దరికీ త్రివర్ణం దక్కింది. 1998 నగానో నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడిన కేశవన్‌కు మాత్రం ఆ ఒక్కసారి దక్కలేదు.

*

2019 అక్టోబరు 31న జమ్మూ కశ్మీర్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలైంది. నాలుగు నెలలు తిరగకుండానే మొదటి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరిగాయి. 2018లో ఢిల్లీలో పాఠశాల క్రీడలతో మొదలైన ఖేలో ఇండియా పోటీలకు ఇది మంచు కొమ్మ. 2020 ఫిబ్రవరి చివర్లో లేహ్‌లో ఐస్ క్రీడలు, మార్చి 7 నుంచి 11 వరకు గుల్మార్గ్‌లో మంచు క్రీడలు. అంతకుముందు ఏడాది వరకు ఒకే జట్టుగా ఉన్న లద్దాఖ్, జమ్మూ కశ్మీర్ ఇప్పుడు రెండు పేర్లతో బరిలోకి వచ్చాయి. రాజకీయ పటం మారిన సంగతిని ఈ పోటీ త్వరగానే చూపించింది. గుల్మార్గ్ పోటీలు ముగిసిన రెండు వారాలకే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. అదృష్టం బాగుండి మొదటి విడత గట్టెక్కింది.

రెండో విడతను 2021 ఫిబ్రవరి 26న ప్రధాని వీడియో ద్వారా ప్రారంభించారు. ఆతిథేయ జమ్మూ కశ్మీర్ 11 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచింది. 2023లో అదే జట్టు ఏకంగా 26 స్వర్ణాలు సహా 76 పతకాలు తీసుకుంది. ఇంట్లో ఆడే జట్టుకు ఉండే అనుకూలతలు అందరికీ తెలిసినవే: వాలు పరిచయం, ఎత్తుకు అలవాటుపడ్డ ఊపిరితిత్తులు, పెద్ద బృందం, రైలు టికెట్ ఖర్చు లేకపోవడం. జపాన్‌లో ఈ అనుకూలత హాస్యాస్పదమయ్యే దాకా వెళ్లింది. అక్కడ 1946 నుంచి రాష్ట్రాల్లాంటి ప్రిఫెక్చర్ల మధ్య జాతీయ క్రీడోత్సవం జరుగుతోంది. స్కేటింగ్, స్కీయింగ్ అందులో శీతాకాలపు విభాగం. అన్ని విభాగాల పాయింట్లూ కలిపి మొదటి స్థానానికి చక్రవర్తి కప్పు ఇస్తారు. 1960ల నడిమి నుంచి దాన్ని దాదాపు ప్రతి ఏడూ ఆతిథేయ ప్రిఫెక్చరే ఎగరేసుకుపోతూ వచ్చింది. 2002లో కోచి ప్రిఫెక్చర్ సొంతగడ్డ మీద ఆ కప్పు గెలవకపోవడమే వార్త అయింది.

మన పోటీ ఆ దారినే ఉండిపోలేదు. 2024లో లేహ్, గుల్మార్గ్ రెండూ కలిపి లెక్కవేస్తే ఆర్మీకి 10 స్వర్ణాలు, మొదటి స్థానం. కర్ణాటకది రెండో స్థానం, మహారాష్ట్రది మూడోది. రెండు ఆతిథేయ ప్రాంతాలూ మొదటి మూడింటిలో లేవు. 2025లో ఆర్మీకి ఏడు, హిమాచల్‌కు ఆరు స్వర్ణాలు, లద్దాఖ్‌కు మూడో స్థానం. అయిదో విడతకు కొండ ప్రాంతాలు మళ్లీ పైకి వచ్చాయన్నమాట.

కర్ణాటక రెండో స్థానంలో సింహభాగం ఒక్క మనిషిది. కొడగు కాఫీ తోటల నాడు నుంచి వచ్చిన భవానీ తెక్కడ నంజుండ పర్వతారోహణ శిక్షణతో మంచుకు పరిచయమై, క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లోకి మళ్లింది. వాలు మీంచి జారిపోయే ఆట కాదది. ఎక్కుడూ దిగుడూ ఉన్న బాటలో కిలోమీటర్ల కొద్దీ చేతులతో కర్రలు పొడుచుకుంటూ, కాళ్లతో తోసుకుంటూ పోవాలి. గుండె, ఊపిరి, ఓపిక దాని పెట్టుబడి. 2024 గుల్మార్గ్‌లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. పట్టికలో రాష్ట్రం పేరు చూసి బెంగళూరులో ఏదో గొప్ప మంచు అకాడమీ ఉందనుకునేరు. అలాంటిదేమీ లేదు. కొద్దిపాటి స్వర్ణాలతోనే ర్యాంకులు తేలిపోయే చోట ఒక మొండి క్రీడాకారిణి చాలు, రాష్ట్రం జాతకం మారడానికి.

*

తెలుగువాళ్ల దారి స్కీ బాట కాదు, చక్రాల బాట.

2025 జనవరి 23న లేహ్‌లో అయిదో విడత మొదలైంది. ఐస్ స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచిన వారిలో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి ఉంది. లేహ్ సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. జనవరిలో పగలు కూడా నీళ్లు గడ్డకట్టే చలి. విమానం దిగిన కొత్తవాళ్లు రెండు రోజులు మెట్లెక్కినా ఆయాసపడతారు. మంచు ఎరగని తెలంగాణ నుంచి వచ్చిన స్కేటర్ అక్కడ, అదీ గడ్డకట్టిన చెరువుల మీద నడక నేర్చుకున్న లద్దాఖీ పిల్లల ముందు గెలిచింది.

ఇది గాలివాటు గెలుపు కాదు. దీని వెనక హైదరాబాద్ ఇందిరా పార్కు వంటి చోట్ల సిమెంటు రింకుల మీద రోలర్ స్కేటింగ్ నేర్చుకున్న తరాలున్నాయి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ అనూప్ కుమార్ యామా రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. ఆ క్రీడలో మన దేశానికి ఆసియా క్రీడల పతకాలు రావడం అదే మొదలు. విశాఖ, విజయవాడ, హైదరాబాద్ కాలనీల్లో వేసవి సెలవుల్లో మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని కిందపడుతూ లేస్తూ తిరిగే పిల్లల్లో ఎవరికైనా ఇన్‌లైన్ చక్రాలు తీసేసి బ్లేడు బిగిస్తే ఏమవుతుంది? మొదటి వారం ఘోరంగా ఉంటుంది. చక్రం నేలను పట్టుకుంటుంది. మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్న బ్లేడు ఐసును కోసుకుంటూ పోతుంది. చక్రాల మీద ఆగే పద్ధతులు బ్లేడు మీద పనికిరావు. అయితే నడుం వంచి కూర్చున్నట్టు పరిగెత్తే భంగిమ, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం, మలుపులో కాలు మీద కాలు దాటించడం, గుంపులో సందు చూసుకుని దూరడం అన్నీ అవే. తొడల్లో ఉన్న బలం ఎక్కడికీ పోదు.

షార్ట్ ట్రాక్ అనే పోటీ ఇలా వచ్చిన వాళ్లకు సరిగ్గా అతుకుతుంది. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు రింకులో 111.12 మీటర్ల చుట్టు. 500 మీటర్ల పందెం అంటే నాలుగున్నర చుట్లు. గడియారంతో పోటీ కాదు, పక్కవాళ్లతో పోటీ. ముందు చేరినవాడు తర్వాతి రౌండుకు, మిగతావాళ్లు ఇంటికి. సిమెంటు రింకు మీద భుజాలు తగిలించుకుంటూ పెరిగిన పిల్లలకు ఈ గందరగోళం ఇంటి వాతావరణమే.

చక్రాల నుంచి ఐస్‌కు రావడం మన దగ్గరే పుట్టిన చిట్కా కూడా కాదు. మంచు ముఖం ఎరగని అమెరికా రాష్ట్రం ఫ్లోరిడాలో ఒకాలా అనే ఊరుంది. బ్రిటనీ బో, జోయీ మాంటియా, ఎరిన్ జాక్సన్ ముగ్గురూ అక్కడ ఇన్‌లైన్ స్కేట్ల మీద పెరిగి స్పీడ్ స్కేటింగ్ ఒలింపియన్లయ్యారు. జాక్సన్ 2022 బీజింగ్‌లో 500 మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌కు సిద్ధమవుతూ చైనా వెచ్చని దక్షిణ రాష్ట్రాల రోలర్ స్కేటర్లను ఏరి ఐస్ మీదికి తెచ్చే పని ప్రభుత్వ కార్యక్రమంగానే పెట్టుకుంది. 2024 ఫిబ్రవరిలో ఇన్నర్ మంగోలియాలో జరిగిన 14వ జాతీయ శీతాకాల క్రీడలకు మంచు ఎరగని దక్షిణ రాష్ట్రాలు కూడా జట్లు పంపాయి. వాళ్లది పథకం, మనది తల్లిదండ్రుల చొరవ. తేడా అక్కడే.

మరి ఐస్ ఎక్కడ? హైదరాబాద్‌లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్ 2004 నుంచీ ఉంది గానీ అది కోట్లు తొడుక్కుని మంచు విసురుకునే వినోదశాల. పందెం చుట్టుకు చోటు లేదు. అందుకే దక్షిణాది స్కేటర్లు ఢిల్లీ రైలో విమానమో ఎక్కుతారు. జియా సరాయ్ నుంచి మెట్రోలో వెళ్లగలిగే దూరంలో, గురుగ్రామ్ ఆంబియన్స్ మాల్ పై అంతస్తులో 2010ల ఆరంభం నుంచి ఒక ఐస్ రింక్ నడుస్తోంది. కింద బట్టల షాపులు, పక్కన పుట్టినరోజు పార్టీలు, నడుమ బ్లేడ్ల చప్పుడు. మే నెలలో బయట 45 డిగ్రీల ఎండ ఉండగా లోపల దేశవాళీ స్కేటర్లు, లద్దాఖ్ హాకీ ఆటగాళ్లు సాధన చేసింది ఇక్కడే. డెహ్రాడూన్ రింక్ తాళంలో ఉన్నన్నాళ్లూ ఈ మాల్ అంతస్తు జాతీయ క్రీడా సౌకర్యమై కూర్చుంది. ప్రభుత్వం చేయాల్సిన పని దుకాణదారు చేశాడనడం అన్యాయమేమీ కాదు.

జియా సరాయ్ గోడ అవతల కూడా చలికాలంలో ఆటలు జోరుగానే సాగుతాయి. ఐఐటీల మధ్య 1960ల ఆరంభం నుంచి జరుగుతున్న ఇంటర్ ఐఐటీ క్రీడోత్సవం డిసెంబరులోనే వస్తుంది. 2022లో ఢిల్లీ, రూర్కీ కలిసి ఆతిథ్యమిచ్చాయి. హైదరాబాద్, తిరుపతి ఐఐటీల జట్లూ ఇందులో ఉంటాయి. పరుగు, హాకీ, ఈత, టెన్నిస్ తప్ప మంచు ఊసు లేదు. అయినా రాష్ట్ర జట్టుకూ సంస్థ జట్టుకూ ఉన్న తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. తిరుపతి జట్టులో బీహార్ కుర్రాడు ఉంటాడు, ఢిల్లీ జట్టులో నెల్లూరు అమ్మాయి ఉంటుంది. ఆర్మీ జట్టు కూడా ఇలాంటిదే. సోచీకి వెళ్లిన నదీమ్ ఇక్బాల్ జమ్మూ కశ్మీర్ వాడు, ఉద్యోగం ఆర్మీలో. అతని పతకాన్ని ఏ ఖాతాలో వేయాలి? పట్టిక వేసేవాళ్లు ఉద్యోగం చూస్తారు, ఊరు చూడరు. జమ్మూ కశ్మీర్, హిమాచల్, లద్దాఖ్ కుర్రాళ్లు గెలిచిన పతకాలు ఎన్ని ఆర్మీ, ఐటీబీపీ ఖాతాల్లోకి పోయాయో లెక్కేస్తే మొదట చెప్పిన మంచు పటం, పతకాల పటం కొంత దగ్గరవుతాయి.

ఇంకో నాలుగైదు కిలోమీటర్లు పోతే బెనితో హువారెస్ మార్గ్‌లో ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ ఉంది. స్కీల మీద కొండెక్కి, మళ్లీ స్కీల మీదే దిగే స్కీ మౌంటెనీరింగ్ క్రీడకు మన దేశంలో బాధ్యత ఈ సంస్థదే. ఖేలో ఇండియాలో ఇప్పటికే ఉన్న ఈ ఆటను 2026 మిలాన్ కోర్టినా ఒలింపిక్స్‌లో కొత్తగా చేర్చారు. తెలుగువాళ్లకు మంచుకొండలతో చుట్టరికం ఉంది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు, 2015లో ఆండీస్‌లో ప్రాణం వదిలాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులం ఒక గిరిజన బాలికను ఎంపిక చేసి, శిక్షణ ఇప్పించి, డబ్బు పెట్టి పంపితే జరిగిన పని అది. స్కీ మౌంటెనీరింగ్‌లో తెలుగు పేర్లు లేకపోవడానికి మంచు లేకపోవడం కన్నా, అలా చెయ్యి పట్టుకుని పంపే ఒక గురుకులం లేకపోవడమే పెద్ద కారణం.

*

మంచున్న వాళ్లకూ ఇప్పుడు మంచు ఖాయం కాదు. 2023 ఫిబ్రవరిలో ఔలీలో జరగాల్సిన జాతీయ స్కీ పోటీలు మంచు చాలక రద్దయ్యాయి. కింద జోషీమఠ్ ఇళ్లు కుంగి బీటలు వారుతున్న శీతాకాలం కూడా అదే. 2025లో గుల్మార్గ్ పోటీలు ఫిబ్రవరి 22న మొదలుకావాలి. వాలు మీద గడ్డి కనిపిస్తోందని వాయిదా వేసి, ఆలస్యంగా హిమపాతం వచ్చాక మార్చి 9 నుంచి 12 వరకు జరిపారు. కెనడాలో 1967 ఫిబ్రవరిలో క్యూబెక్ నగరంలో మొదటి కెనడా వింటర్ గేమ్స్‌కు పది రాష్ట్రాల, రెండు ప్రాంతాల జట్లు వచ్చినప్పుడు నిర్వాహకులను భయపెట్టింది మంచు తుఫాను. గుల్మార్గ్ నిర్వాహకుల భయం ఎండ.

ఐస్ సంగతి కాస్త మెరుగు. యంత్రం ఉంటే దాన్ని ఎక్కడైనా పుట్టించవచ్చు. 2025లో డెహ్రాడూన్ రింక్ తాళం తీశారు, హిమాద్రి అని పేరు పెట్టారు, ఆగస్టులో ఆసియా ఓపెన్ షార్ట్ ట్రాక్ పోటీ అక్కడే జరిగింది. బయట వానలు కురుస్తుండగా లోపల మన స్కేటర్లు సొంత దేశంలో విదేశీయులతో పందెం వేశారు. ఇక్కడి కరెంటు బిల్లు ఇకపై ఏటా కట్టగలిగితే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై చక్రాల పిల్లలకు లేహ్ దాకా ఆగే పని ఉండదు. అప్పుడు జనవరి పతకాల పట్టిక ఇంకా వింతగా మారవచ్చు.

ఐస్ హాకీలో మాత్రం అలాంటి వింతలేమీ లేవు. ఖేలో ఇండియాలో ఆ ఆట చివరికి ఆర్మీ, ఐటీబీపీ, లద్దాఖ్‌ల మధ్యే తేలుతోంది. చెరువు గడ్డకట్టే రెండు నెలలే మైదానంగా పెరిగిన లద్దాఖ్, స్పితి అమ్మాయిలు 2025లో అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో కాంస్యం గెలిచారు. సైనికులు వదిలేసిన బూట్లకు బ్లేళ్లు బిగించుకోవడం నుంచి అక్కడిదాకా సాగిన ఆ కథ వచ్చే భాగంలో.